మైనస్ పద్దెనిమిది

షువైఖ్ రేవు వెనక చేపల గోదాములో
రాత్రి రెండు దాటింది.
పాత మెషీన్ పొద్దున్నే ప్రాణం విడిచింది.
ఏడేళ్ళు కిక్కురుమనకుండా
ఎనిమిది ఫ్రీజర్ల చలిని నిమిషం నిమిషం రాసుకున్న పెట్టె,
ఫ్యాన్ నిండా ఎడారి దుమ్ముతో
మూలకు ఒరిగి ఉంది.

కొత్తది బల్ల మీద, ఖాళీగా.
దానిలోకి ఏ సిస్టం ఎక్కించాలో తేల్చాల్సింది నేనే.
ఉచితంగా దొరికేదే, ఊరూ పేరూ తెలియనివాళ్ళు
రాత్రిళ్ళు మేలుకొని రాసి లోకం మీదికి వదిలిందే.
కాకపోతే రెండు దారులు:
ఒకటి స్టేబుల్, ఒకటి రిలీజ్.

"స్టేబులే ఎయ్యి, ఇంక ఆలోచనేంది?"
అన్నాడు ఖాదర్‌వలి, కంప్రెసర్ల మెకానిక్కు.
మాది రాయచోటి, వాళ్ళది గాలివీడు.
ఫ్లాస్కు మూతలో సులేమానీ పోస్తూ అన్నాడు:
"పేర్లోనే ఉండాది గదా, కదలదని."

అక్కడే మోసం వలీ.
స్టేబులంటే కదలనిది కాదు.
రోజూ ఎవరో ఒక చెయ్యి వేస్తారు, ఒక మేకు మారుస్తారు.
గోడలు కూలవు, అంతే హామీ.
నిన్న దించుకున్నదీ ఇవాళ దించుకున్నదీ ఒకటి కావు.
రిలీజంటేనే ఆగిపోయింది.
ఒక తేదీన తలుపు మూసి, సీలు వేసి,
ఇదిగో ఇంతే అని బయటపెట్టింది.
తర్వాత చిల్లులు పడితే మాట్లు వేస్తారు,
కొత్త గదులు మాత్రం కట్టరు.

వాడు మూత కిందపెట్టి నవ్వాడు.
"తిరగేసి పెట్టినారే పేర్లు!
మన చందువా మాదిరి గదప్పా నీ రిలీజు,
పట్టిన తేదీ కొట్టి గడ్డకట్టించింది."

నాకు నవ్వు రాలేదు.
రిలీజ్ అనే మాట ఈ దేశంలో నేను మొదట విన్నది
ఏ కంప్యూటరు దగ్గరా కాదు.
ఫర్వానియాలో, తొమ్మిదిమంది పడుకునే గదిలో,
పై మంచం మీది మల్లేశ్వరయ్య
గోడవైపు తిరిగి ఫోన్లో గొణిగేవాడు:
కఫీల్ రిలీజ్ ఇస్తాడంట, ఇస్తాడంట, ఇయ్యలేదు.
రెండు రంజాన్లు అదొక్కటే మాట.
ఇచ్చిన రాత్రి కాగితాన్ని దిండు గలీబులో పెట్టుకుని పడుకున్నాడు.
తెల్లారి చూస్తే మంచం ఖాళీ.
గలీబు కూడా తీసుకుపోయాడు.

నాదీ వచ్చింది. నాలుగు వారాలైంది.
ముదీర్ సంతకం, నీలం ముద్ర.
సాల్మియాలో ఆసుపత్రివాళ్ళు రమ్మంటున్నారు,
యాభై దినార్లు ఎక్కువ.
"స్టేబుల్ ఉద్యోగంరా, వదలొద్దు" అంటుంది అక్క ప్రతి శుక్రవారం,
ఏడాదికోసారి అకామా గడువు వచ్చి
మెడ మీద ఊపిరి వదులుతుందని తెలియక.
అది ఏ రకం స్టేబులో ఆమెకు నేను చెప్పలేదు.

దుమ్ము లేచింది. రేకుల మీద ఇసుక గీరుకుంటోంది.
మూడో నంబరు ఫ్రీజర్ దగ్గర నిలబడి
ఖాదర్‌వలి చలి అంకెలు చేత్తో రాస్తున్నాడు,
మెషీన్ లేచేదాకా మనిషే మెషీన్.
"మైనస్ పద్దెనిమిది!" అని కేకేశాడు.
నా వీసా నంబరూ పద్దెనిమిదే,
మైనస్ ఒక్కటే తక్కువ.

రిలీజే వేశాను.
చేపలకు కొత్త గదులతో పనిలేదు.
మూడుంబావుకి మొదటి అంకె తెర మీద పడింది.
వలి తన కాగితం మడిచి
పెన్ను చెవి వెనక పెట్టుకున్నాడు.

"దానికి ఏసినావు, సరే. నీకు?"

సొరుగులో, పాత స్క్రూల డబ్బా కింద
నీలం ముద్ర కాగితం మడత విప్పకుండానే ఉంది.
దాని మీదా తేదీ కొట్టే ఉంది.
సులేమానీ చల్లారిపోయింది,
అయినా ఇంకో మూత పొయ్యమన్నాను.