పెబ్బేరు నుంచి అరూషాకు

దొర చెప్తడు, నేను టైపు కొడ్త.
మిషన్ల ఇంగ్లీషు 'ఆర్' అరిగిపోయింది.
రైఫిలని కొడితే ఇఫిలని పడ్తది,
ఆనక పెన్నుతోని దిద్దాలె.

"అరూషాలోని హార్డ్‌విక్ కంపెనీ వారికి.
మేము క్షేమముగా ఇల్లు చేరితిమి.
మా తలలు రెండూ ఇంకను చేరలేదు."
నవ్వు ఆపుకోని కొట్టిన.
ఒకటి అడవిదున్నది,
ఒకటి మెలికల కొమ్ముల జింకది.

నెలన్నరకు జవాబు. నీలి కాగితం, జిరాఫీ బిళ్ళ.
బిళ్ళ మీద నా బిడ్డ అనంతమ్మకు ముందుగాలనే హక్కు.
లోపల పద్దు:
తోళ్ళకు ఉప్పు పన్నెండు షిల్లింగులు,
పటిక నాలుగు,
దేవదారు పెట్టె, మొంబాసా రేవు కూలి,
తూటాలు పదకొండు.
(సాయంత్రం దోస్తులొస్తే
ఒక్క గుండుకే కూలిందంటడు దొర.)
అటెనక, ఆయన ముఖం మాడ్చిన ముక్క:
"గాయపడి పొదలలోకి పోయిన రెండవ దున్నకు కూడ రుసుము కలదు.
నెత్తురు నేల మీద పడినచో
ఆ జంతువు తమదే."

రెండు ఉత్తరాలు దాని మీదనే నడిచినయి.
పడ్డది నెత్తురు కాదు, ఎర్రమట్టి అని దొర.
మట్టి ఆకుల మీదికి ఎక్కదని వాళ్ళు.
మూడోదాంట్ల, కింద, సన్నగ ఇంకో పద్దు:
"దాని జాడ తీయబోయిన సాయితోటికి కాలు విరిగినది.
ఆస్పత్రి ఖర్చు, నలభై."

సాయితోటి.
సంతకు ఎవరో ఎవరితోటో కలిసొచ్చినట్టున్నది
ఆ పేరు.

"అది మా జిమ్మేదారి కాదు. రాయి."
రాసిన.

మా చిన్నాయన బుడ్డన్న
అమ్రాబాద్ హాకాల డప్పు కొడుతుంటే
పంది తొడ చీల్చింది.
పెద్దదొర సంచెడు జొన్నలిచ్చిండు.
బుడ్డన్న పేరు ఏ కాగితం మీదా పడలే.

దొర అద్దాలు పెట్టుకోకనే దస్కతు పెడ్తడు.
దస్కతుకు పైన రెండేళ్ళ జాగ ఉంటది.
అండ్ల ఒక్క లైను కొట్టిన:
సాయితోటి నడుస్తున్నాడా?

తలలు వాన లేని వానకాలంల దిగినయి,
వనపర్తి రోడ్డు స్టేషన్ల.
ఊరిదాక బండెద్దులు
ఎనక్కి ఎనక్కి చూస్తనే నడిచినయి.
హాల్ల తగిలించినంక
దొరసాని ఆ దిక్కు కూసోని అన్నం తినలే.
దున్న చెవిల చిమ్మట తొలిచిన బెజ్జం.
దాని మీద మళ్ళొక ఉత్తరం.

జవాబొస్తే దొర ముందు చదివిన.
చిమ్మటకు పూచీ లేదు. బాకీ ఇంత. మరల దయచేయగలరు.
ఆడికి ఆపి మడత పెట్టిన.
మడత కింద, వేరే సిరాతోని:
"నడుస్తున్నాడు, కర్ర ఊతతో.
అడిగినదెవరని అడుగుచున్నాడు.
తమరేనని చెప్పితిమి."

మూడు దినాలు ఆ మాట కడుపుల కుతకుత.
శనివారం, సంత గడబిడల,
నా పైసలతోని నీలి కాగితం కొన్న.
అందరు పోయినంక మిషను ముందు కూసున్న.
ముందుగాల పేరు. అండ్ల అరిగిన అక్షరం లేదు,
దిద్దుడు లేకుంట పడ్డది.
అడిగింది నేను, అని రాసిన.
ఇంకేం రాయాలెనో తెలువక
మా చిన్నాయనదీ కర్రేనని,
ఈ యేడు జొన్న మాడిందని,
బీచుపల్లి కాడ కృష్ణ
ఇంకా మోకాలి లోతేనని.