మూడు చుక్కలు

ఆ ఇటలీ పిస్తోలును
మాలో ఎవ్వరూ కళ్ళారా చూడలేదు.

వడపళనిలో, బస్ డిపో వెనక సందులో
కోటిలింగాచారి దాన్ని టేకుతో చెక్కాడు.
రేపల్లె నుంచి గదలూ కిరీటాలూ చెయ్యడానికి వచ్చినవాడు,
అవి పోయి కోట్లూ కార్లూ వచ్చేసరికి
ఉలి మార్చకుండానే తుపాకులకి మారాడు.

డైరెక్టర్ ఓ వీడియో కేసెట్ చేతిలో పెట్టి
"అలాంటిది కావాలి, ఎల్లుండికి" అన్నాడట.
బొమ్మ ఆపితే అడ్డగీతలు, వణుకు.
టీవీ అద్దానికి ట్రేసింగ్ కాగితం అంటించి
ఆ వణుకులోంచే కొలతలు తీశాడు:
పొడుగు మూతి, మూతి మీద గాలి చీలికలు,
ఎడమ బొటనవేలు దూరేంత ట్రిగ్గర్ కంత,
దాని ముందు, కిందికి విప్పే చిన్న పిడి
(దానికి నగల పెట్టె బందు వేశాడు),
పక్కన ఒక మీట. మీట దగ్గర
ఒకచోట ఒక చుక్క, ఒకచోట మూడు.

ఒక చుక్కకి ఒక గుండు.
మూడు చుక్కలకి, ఒక్క నొక్కుకే మూడు.
ఆ సంగతి ఫైట్ మాస్టర్ చెప్పాడు,
ఆయనకెవరు చెప్పారో తెలీదు.
చుక్కలు మాత్రం ఆచారి కూతురు పెట్టింది,
అగ్గిపుల్లతో, తెల్ల ఎనామిల్‌తో,
పొద్దున వాకిట్లో పెట్టిన చేత్తోనే.

కేసెట్ ఎంత తిప్పినా ఎడమ పక్కే కనిపించింది.
కుడి పక్క ఎలా ఉంటుందో ఇటలీకే తెలియాలి.
ఆచారి అబద్ధం చెక్కలేదు.
నున్నగా వదిలేశాడు, పీట అడుగులా.
అందుకే ముప్పై ఒక్క సినిమాల్లో
మా హీరోలందరూ
కెమెరాకి ఒకే పక్కగా నిలబడి పగ తీర్చుకున్నారు.

నా వంతు చప్పుడు.
మృదంగం సగంలో మానేసి
సాలిగ్రామంలో ఎఫెక్ట్స్ గదిలో చేరినవాణ్ణి.
పాత అంబాసిడర్ సీటు, దాని మీద చింతబరికె.
రెప్పపాటులో మూడు దెబ్బలు పడాలి.
వారం రోజులు చేతికి రాలేదు.
ఓ రాత్రి గురువుగారి తిట్టు గుర్తొచ్చి
నోట్లో తకిట అనుకున్నాను,
బరికె దానంతటదే పలికింది.
తకిట, గోదాము కిటికీలు.
తకిట, విలన్ తమ్ముడు మెట్ల మీంచి.
తకిట తకిట, పెట్రోలు డ్రమ్ములు, ఇంటర్వెల్.
ఆయన తిస్రం నేర్పింది ఇందుకా అని
టీ తాగుతూ ఒకసారి అనుకున్నాను. ఒకసారే.

ఓ ఎన్నికలప్పుడు కోయంబేడు దగ్గర
పోలీసులు ఆచారి సైకిలాపి సంచీ విప్పారు.
స్టేషన్ బెంచీ మీద రెండు గంటలు.
ఎస్సై దాన్ని చేతిలోకి తీసుకుని తూచి చూసి
నవ్వాడు. కానిస్టేబుల్ని టీకి పంపాడు.
తలుపు దగ్గరగా వేసి
అద్దం ముందు నిలబడి
పిడి విప్పి, కన్ను సన్నం చేసి,
ఊపిరి బిగబట్టాడు.
"సార్," అన్నాడట ఆచారి తన రేపల్లె తమిళంలో,
"ఇటు తిరగండి. ఆ పక్కన తుపాకీ లేదు."

ఇప్పుడు మంటా చప్పుడూ కంప్యూటర్లోనే పుడుతున్నాయి.
రబ్బరువి అద్దెకొస్తాయి,
రెండు పక్కలా సరిగ్గానే ఉంటాయి.
నా అంబాసిడర్ సీటు మీద
వాచ్‌మన్ పడుకుంటున్నాడు.

ఆచారి పోయిన పదకొండో రోజున
కూతురు ఆ సంచీ తెచ్చి నా ముందు పెట్టింది.
"మీ దగ్గరుండనీ మామయ్యా, ఇంట్లో పిల్లలు
ఒకళ్ళ మీదొకళ్ళు గురిపెట్టుకుంటున్నారు."

ఎన్ని చేతుల చెమటో, టేకు నల్లబడింది.
మూడు చుక్కల్లో ఒకటి రాలిపోయింది.
బందు మాత్రం ఇంకా కిర్రుమంటోంది.
కుడి పక్కకి తిప్పి,
ఊరికే, మూడు వేళ్ళతో
కొట్టి చూశాను.

మంచి కలప.
లోపల బోలు లేకపోయినా పలికింది.