శ్రీఖండ్ డబ్బాలో ముగ్గురు

ల్యాప్‌టాప్ చచ్చి రెండేండ్లయింది.
ఆశ్రమశాల బీరువాల, సగం అరిగిన చాక్‌పీసుల కింద దొరికితే
కోవే సారు చెయ్యి ఊపి "తీస్కపో, భంగారే" అన్నడు.
భంగార్ అంటే ఇక్కడ పనికిరాని సామాను.
మా సిరొంచల
బంగారానికీ భంగార్‌కూ ఒక్క వత్తే తేడా.

బ్యాటరీ అతుకు వెంట ప్లాస్టిక్ స్కేలు దూర్చి
మెల్లగ, మెల్లగ లేపిన.
తొందరపడి చాకు దించితే లోపలున్నది నిప్పు.
ఆరు సెల్లులు, గులాబి రంగు తొడుగులు,
ఒక్క కాన్పుల పుట్టినట్టు
ఒకదాన్నొకటి ఆనుకొని పండుకున్నయి.

మీటరు ఎర్ర సూది ఈ కొసకు, నల్ల సూది ఆ కొసకు.
మార్కరుతో అంకెలేసిన, గుర్తుకు మాత్రమే.
అంకెలే పేర్లయి కూసున్నయి.
ఒకటి లేదు. నాలుగు లేదు.
మిగిలిన నలుగురిని ఒక్కొక్కరినే కడుపు నిండ నింపి
వారం దినాలు గూట్ల పెట్టిన,
ఏ పనీ చెప్పకుంట,
ఊకె ఉంటే ఎవలెంత కారిపోతరో చూద్దామని.

వారానికి
రెండు, మూడు, ఆరు ఉన్నకాన్నే ఉన్నయి.
ఐదు మాత్రం మూడుంబావుకు దిగింది.
చూస్తే అన్నిట్ల కొత్తగ మెరిసేది అదే.
కారేదాన్ని తెచ్చి పక్కన కడితే
మంచియి రాత్రంత దానికే పోసి పోసి ఎండిపోతయి.
ఐటీఐల సారు బోర్డు మీద గీసి చెప్పిండు గని
నేనది మా పెద్దన్నను చూసి
ఎప్పుడో నేర్చుకున్న.

ఐదును ఇసుక పోసిన డబ్బల పెట్టి
పెరట్ల గోడ పక్కకు జరిపిన.

మంచిర్యాలల నూటయాభైకి దొరికిన బోర్డు,
మూడు గూళ్ల హోల్డరు,
బియ్యపుగింజంత సోల్డరు ముద్ద,
ఊదుకుంట ఊదుకుంట అంటించిన రెండు తీగలు.
వీటికి ఇల్లు కావాలె.
స్టీలు గిన్నె పనికిరాదు, ఒళ్లంత షాట్ అయితది.
చిన్నమ్మ సద్ది కట్టుకునే శ్రీఖండ్ డబ్బ అడిగిన.
మూత మీద మరాఠీ అక్షరాలు, ఆవు బొమ్మ,
ఎంత తోమినా పోని ఏలకుల వాసన.
ఆవు ముక్కు కాడ సూది కాల్చి బొక్క చేసిన,
ఛార్జింగు పిన్ను అండ్లకెల్లి బయటికి చూస్తది.

వాన పట్టి నాలుగు దినాలాయె.
కింది చేన్లకు ప్రాణహిత ఎగదన్నింది.
ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పటిదో అప్పుడే పోయింది.
ఓదెలు కాక వచ్చి గడప మీద నిలబడ్డడు.
వంతెన పడకముందు
ఈ ఒడ్డునూ ఆ ఒడ్డునూ తెడ్డుతోటి కుట్టిన మనిషి.
ఇప్పుడు రాత్రిపూట వల, ఫోను లైటే దీపం.
నది సగం దాటంగనే ఆ ఫోను రాష్ట్రం మారుతది,
కాక మారడు.

"పేలుతదా పిల్లా?"
"పేలది కాకా. వేడైతే పక్కకు పెట్టు."
పాలిథిన్ల చుట్టి, రుమాలుల ముడేసి
తలకు కట్టుకున్నడు,
పెండ్లికొడుకు బాసికం లెక్క, జెర ఎక్కువ బరువుది.

తెల్లారి తిరిగొచ్చేటాళ్లకు
రుమాలు చేపల వాసన, డబ్బ ఏలకుల వాసన.
ఫోనుల అరవై రెండు పర్సెంట్ చూసి
ముందుగాల బేరగానికి కొట్టిండు,
నిరుటి బొమ్మెల పైసలు ఇంక ఎన్నడిస్తవని.
అవతల రికార్డు గొంతు, మరాఠీల ఆడమనిషి,
అందుబాటుల లేడని మళ్ల మళ్ల చెప్తాంటే
కాక మొత్తం విన్నడు, మర్యాదగ.
విని, తెలుగుల అడిగిండు:
"మీకాడ గూడ కరెంటు పోయిందా బిడ్డా?"

నిన్న మాపటికి ఐదును మళ్ల తీసి చూసిన.
మూడు.
ఇగ చూడొద్దనుకున్న.
సూదులు మాత్రం మీటరుకే ఉంచిన.