నూటపది, తొంభైఏడున్నర

సాంతా క్రూజ్‌లో కొన్నాను దీన్ని,
మామిడిపండ్లు రోడ్డు మీదే కుళ్ళిపోయే ఊళ్ళో.
లారీ ఎక్కించి ఒరూరోకి తెచ్చేసరికి
బండికి ఊపిరందలేదు.
మూడువేల ఏడొందల మీటర్ల ఎత్తున
గాలి నీళ్ళమజ్జిగ.
ప్లగ్గు విప్పితే కాటుకబరిణె.

"వడ్డించేవాడు వడ్డిస్తూనే ఉన్నాడు,
తినేవాడికే ఆకలి లేదు"
అన్నాడు సెనోన్ మామ, గుమ్మంలో స్టూలు మీంచి.

మామ కార్నివాల్ బ్యాండులో ముప్పై ఏళ్ళు ట్యూబా ఊదాడు.
కార్నివాల్ లేని రోజుల్లో వానూని గనిలో తగరం తవ్వాడు.
ఇప్పుడు మా మేడ ఎక్కుతూ మూడో మెట్టు దగ్గర ఆగుతాడు,
గోడకేసి, అక్కడేదో పటం ఉన్నట్టు చూస్తాడు.
అక్కడ పటం లేదు.

నా తప్పూ ఉంది.
బండి దిగిన రోజే ఉత్సాహం ఆపుకోలేక
సైలెన్సర్ కోసి లోపలి గొట్టం పీకేశాను.
(సొట్టపోయిన బాకాలు బాగుచేసే చేతులివి,
ఇనుపగొట్టం ఒక లెక్కా అనుకున్నాను.)
వీధి కుక్కలన్నీ లేచాయి.
రాత్రంతా బేకరీలో పిండి పిసికి
పగలు పడుకునే ఓబ్దులియా గారు
కిటికీలోంచి విసిరిన ఎండురొట్టె
నా హెల్మెట్‌కి తగిలి టంగుమంది.
విచిత్రమేమిటంటే బండి మాత్రం కాస్త తేరుకుంది:
పొగగొట్టం తెరుచుకుంటే గాలి ఎక్కువ లాగుతుందట,
తప్పు మీద తప్పు పడి
సగం ఒప్పయింది.
మిగతా సగం కోసం
కార్బురేటర్‌ని సూపు పళ్ళెంలో పరిచాను.

నూటపది అని రాసుంది జెట్ మీద,
భూతద్దంలో చూస్తేగానీ కనపడదు.
అంతకంటే చిన్నది కొట్లో దొరకలేదు.
ట్రంపెట్లకి వాడే టంకంతో రంధ్రం పూడ్చాను.
మామ వంగి చూశాడు.
"తగరమేనా?"
"తగరమే, కొంచెం సీసం."
"నేను తవ్విందేమోలే" అని
దగ్గుకీ నవ్వుకీ మధ్య ఏదో చేశాడు.
గడియారాల కొట్టు ఎల్యోదోరో ఇచ్చిన
వెంట్రుకంత డ్రిల్లుతో మళ్ళీ పొడిచాను, చేత్తోనే,
ఊపిరి బిగబట్టి.
తొంభైఏడున్నర అనుకుంటున్నాను.
కొలిచిందెవరు?

స్టార్ట్ చేశాను. మామ కళ్ళు మూసుకున్నాడు.
"మోత కాదమ్మా బాధ. శ్రుతి.
సి బెమోల్ కాదు, సి కాదు,
రెండిళ్ళ మధ్య గోడ మీద కూర్చుంది."

మూల పడున్న ఆయన పాత ట్యూబా గంట అడిగాను.
లారీ టైరు కింద పడి చితికింది అది,
ఏ పాటకీ పనికిరాదు.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత తనే రంపం తెచ్చిచ్చాడు.

చిల్లుల గొట్టం, చుట్టూ ఉక్కుపీచు,
చివర ఇత్తడి, మసిబారిన అంచు.
గొంతు కిందికి దిగింది.
మామ గొట్టం మూతికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి
ఒక్కో ఊపునీ లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు.
ఎంతసేపో తెలీదు. పెట్రోలు వృథా అని నేననలేదు.
ఎదుటి కిటికీ తెరుచుకోలేదు.

ఇవాళ పొద్దున వింటో దాటాక తిన్నటి రోడ్డు మీద
పూర్తిగా తిప్పి, ఒక్కసారిగా ఇంజను కట్టేసి,
గడ్డిలో కూర్చుని ప్లగ్గు విప్పాను.
వేళ్ళు కాలాయి.
మామకి ఫోన్ చేశాను.
"ఏం రంగు?"
"ఓబ్దులియా గారి రొట్టె పైపెచ్చు రంగు."
"మాడిందా?"
"లేదు. సరిగ్గా కాలింది."
"ఆగు, ఆవిడకి చెప్పి వస్తా"
అని మెట్లెక్కుతున్న చప్పుడు,
ఒకటి,
రెండు,
తర్వాత ఫోన్‌లో చాలాసేపు ఏమీ లేదు.
పటం చూస్తున్నాడు.