రంగుల పట్టిక

సోనాపూర్ క్యాంపు మరుగుదొడ్డి గోడకు
ఎనిమిది పసుపు గళ్ల పట్టిక అతికించిన్రు.
లేతదైతే పానం సల్లగ, ముదిరితే ఒంట్ల కరువు.
నాలుగింటికి లేస్తే
నాది ఆఖరి గడి దాటింది.

రాత్రి ఓదెలు, నేను
అజ్మాన్ సీసా ఒడగొట్టినం.
తాగినదానికన్నా ఎక్కువే బయట వోసినం.
మందు చూసెటందుకు నీళ్లలెక్కనే ఉంటది గని
ఒంట్ల నీళ్లను గేటు బయటికి తోలే ఫోర్‌మన్ అది.

ఇప్పుడు నాలుక సిమెంటు సంచి.
కణతల కాడ ఎవడో డ్రిల్లు పెట్టిండు.
ట్యూబులైటు వెలుగు సుత మోత జేస్తున్నది.
కార్జం ఒక్కటే ఓవర్‌టైము,
పైసలు అడగకుంట.

బస్సు హారన్ కొట్టింది.
ఓదెలు సీసాల ఉప్పేసి, నిమ్మకాయ పిండి ఇచ్చిండు.
"సేఫ్టీ సారు అడిగితే
ఎండదెబ్బ అని చెప్పు."

పొద్దింక పొడవనే లేదు.