గుర్తింపు పరేడ్

నైట్ డ్యూటీలో మునస్వామి ఫోన్ని
ఎఫ్ఐఆర్ బుక్కుకు ఆనించి నిలబెడతాడు.
ఫ్రెంచి సినిమా. కింద ఇంగ్లీషు అక్షరాల పరుగు.
ఒక డిటెక్టివ్. వాన. తడిసిన కోటు.
పది నిమిషాలుగా వాడు నోరు తెరవలేదు.
"ఏమంటా ఉండాడు సార్?"
"ఏమీ అనలేదప్పా."
"మరి అంతసేపు ఎందుకు చూపిస్తా ఉండారు వాణ్ణి?"

ఎందుకో నాకు తెలుసు.

పోయిన ఎండాకాలం, బస్టాండు వెనక సత్రంలో
ఒక ముసలాయన మొలకు కట్టుకున్న సంచిని ఎవడో తెంపినాడు.
పెనుగులాటలో మెట్ల మీంచి పడి
తెల్లారేలోగా పోయినాడు ఆయన.
భార్య ఎల్లవ్వది కరీంనగర్ దిక్కు.
చెప్పింది ఒక్కటే గుర్తు:
"గుండు సారూ. గుండుకు గంధం."

తిరపతిలో గుండు!
కొండ దిగిన ప్రతి బస్సూ
ఒకే మనిషిని నలభైసార్లు దించి పోతా ఉంది.

పైనుంచి ఫోన్లు. పేపర్లో రోజూ ముక్క.
చెంగల్రాయుడు దొరికినాడు, పాత కేడీ.
జేబులు కొట్టేవాడే గానీ
మనిషిని కొట్టినోడు కాదు.
కూతురికి జొరం తగ్గితే మొక్కు తీర్చను వచ్చినానన్నాడు.
నవ్వినాను.
దొంగకు మొక్కులుండవా అని
ఇప్పుడడగతా ఉండా, నన్నే.

పరేడ్‌కు ముందురోజు సాయంత్రం
అవ్వకు టీ తెప్పించి, బన్ను తెప్పించి,
నా ఫోన్లో వాడి ఫోటో చూపించినాను.
ఒక్కసారే.
"బాగా చూసుకో అవ్వా" అన్నాను, అంతే.
మర్నాడు జైల్లో, మేజిస్ట్రేటు ముందర,
పది గుండ్ల వరసలో ఆమె వేలు
తడబడకుండా పోయి వాడి రొమ్ముకు తగిలింది.

నాకు శాలువా కప్పినారు.
అది బీరువాలో ఉంది, మడత విప్పలేదు.

మొన్న చిత్తూరు కోర్టు వరండాలో
వాడికి జుట్టు పెరిగింది,
ఒత్తుగా, చెవుల దగ్గర నెరిసి.
అవ్వ పోల్చుకోలేదు. పోయి పోయి వాణ్ణే అడిగింది:
"బిడ్డా, సాక్షులు కూసునే బల్ల ఏడున్నది?"
వాడు చూపించినాడు,
సంకెల పడిన రెండు చేతులూ ఎత్తి.
నేను చెట్టు కింద మా జీపు నంబరు చదవతా నిలబడినాను.
వాయిదా ఇరవై మూడుకు పడింది.

సినిమాలో వాడిప్పుడు అద్దం ముందర ఉన్నాడు.
"కడాకు చెప్పేస్తాడా సార్?"
ఛార్జింగు ఒక శాతం.
"చూడు," అన్నాను,
తెర నల్లబడింది.
ఆ నల్లటి గాజులో ఒక మొహం, టోపీ లేకుండా.
మునస్వామి సొరుగులన్నీ లాగి
ఛార్జరు వెతకతా ఉండాడు.