రెండు తులాలకి తక్కువ

భీమవరంలో, రొయ్యల మందుల కొట్టు పక్కన
రంగుచేపల షాపులో కొన్నాను దాన్ని.
పద్దెనిమిది వందలు చెప్పి పన్నెండొందలకి దిగాడు.
అంత తేలిగ్గా దిగినప్పుడే తెలుసుకోవాల్సింది.

"మచ్చల బల్లండి, మా హుషారు. ఇప్పుడు నిద్రలో ఉంది."
నిద్ర కాదు.
నరసాపురం బస్సులో ఒళ్లో పెట్టుకుని
మూతకి పొడిచిన చిల్లుల్లోంచి చూస్తూనే వచ్చాను.
పాలకొల్లు దాటాక ఒక్కసారి కన్ను తెరిచింది.
దీనికి రెప్పలున్నాయి.
మన గోడల మీది వాటికి ఉండవు, ఎప్పుడైనా చూశారా?

తిన్నదంతా తోకలో దాచుకుంటుందట,
గాదెలో ధాన్యంలా.
దీని తోక ఊడ్చేసిన గాదె.
వేళ్ల చివర పాత చర్మం వదలక
దారం చుట్టినట్టు బిగిసి ఉంది.

మంగతాయారు పిన్ని గుమ్మంలోంచే నవ్వింది.
"బల్లికి డబ్బులిచ్చావట్రా!
మా వంటింట్లో ఏడున్నాయి, ఊరికే పట్టుకుపో."
ఆ మాటకి పైనుంచి ఒకటి టిక్కుటిక్కుమంది.
"చూశావా, సత్యం" అంది.
వెళ్తూ వెళ్తూ, మీద పడితే మాత్రం
ఏ పక్క పడిందో చూసుకోమంది.
ఇది ఎక్కడా పడదు పిన్నీ.
గోడ ఎక్కడం రాని బల్లి ఇది.

పశువుల డాక్టరు గారు కళ్లజోడు పైకి తోసి
చాలాసేపు చూశారు.
"గేదెకైతే చేత్తో తడిమి చెబుదును.
వేడిగా ఉంచు. నీళ్లు పట్టించు. ఒంట్లో సున్నం లేదు."
ఫీజు తీసుకోలేదు. దానికే భయం వేసింది.

కంసాలి సూర్యారావు గారి కాటాలో తూయించాను.
ఇరవై రెండు గ్రాములు.
"రెండు తులాలకి తక్కువ" అన్నాడాయన, అలవాటుగా.
తరుగు ఎంతో నేను అడగలేదు.

ఇక నా సంగతి.
ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ నాది.
చెరువుల్లో పట్టుబడి ఉన్న రోజు
తెల్లారేదాకా దిమ్మలు లాగుతూనే ఉండాలి.
పదకొండేళ్లుగా నా చేతులు చల్లన.
మా అన్నయ్య కూతురు కూడా నా చెయ్యి పట్టుకోదు,
చొక్కా అంచు పట్టుకుని నడుస్తుంది.
దీనికేమో సొంత వేడి లేదు,
ఎవరి దగ్గరో అరువు తెచ్చుకోవాలి.
నేనా ఇచ్చేది?

టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని
తాగకుండా, అది చల్లారేదాకా కూర్చుని
అప్పుడు తీస్తాను డబ్బాలోంచి.
గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టి
తడి దూదితో వేలు వేలూ తుడుస్తాను.
మూడో రాత్రి, ఎడమ ముందుకాలికి ఒక తొడుగు ఊడింది,
చీమ రెక్కంత.
ఇంకో రెండు వేళ్లు నల్లబడ్డాయి. ఉంటాయో పోతాయో.

మొన్న గాలివానకి ఊళ్లో కరెంటు పోయింది.
చెరువుల్లో ఏరేటర్లు ఆగి
ఒక్కసారిగా కప్పలు వినిపించాయి.
డబ్బా చొక్కాలో పెట్టుకుని ఫ్యాక్టరీకి పరుగెత్తాను.
అక్కడ జనరేటరు నడుస్తోంది.
ఇన్నేళ్లూ చూస్తూ పట్టించుకోలేదు,
కంప్రెసరు వెనక ఒక గొట్టం ఉంది, ముట్టుకుంటే కాలుతుంది.
నీళ్లలోంచి లాగేసిన వేడంతా
అటే పోతుంది, ఎవరికీ అక్కర్లేకుండా.
దానికి కాస్త దూరంలో పీట వేసి
చెరువు థర్మామీటరు పక్కన పెట్టి
ముప్పై రెండు చూపించేదాకా అటూ ఇటూ జరిపాను.
ఒక మూల తడిపిన కొబ్బరి పొట్టు.

మేస్త్రీ బుల్లబ్బులు వచ్చి చూశాడు.
ఏమీ అనలేదు.
భుజం మీది తువ్వాలు తీసి డబ్బా మీద సగం కప్పి
నా వంతు దిమ్మలు కూడా లాగడానికి వెళ్లాడు.

తెల్లవారుజామున ఒక కీచురాయిని పెట్టాను,
తల నలిపి, కాళ్లు తీసేసి. పాపమే.
చూసింది. మొహం తిప్పుకుంది.
నీటిబొట్టు పెదవి మీద పెడితే మాత్రం
నాలుక ఒకసారి బయటికొచ్చి,
ఆగి,
మళ్లీ వచ్చింది.

"పేరు పెట్టావా?" లారీ ఎక్కుతూ అడిగాడు బుల్లబ్బులు.
తోక కాస్త ఒళ్లు చేశాక, అన్నాను.
లారీ కింద నుంచి నీళ్లు కారుతూ
రోడ్డు పొడవునా ఒక గీత.
రెండు టీలు చెప్పాను.
ఒకటి తాగడానికి.